మెడ చెప్పిన గాలి

జులై 28. ఔస్సూ నాలుగో రోజు.

ఈ పుస్తకం ముందువైపు గాలి లెక్క. తేదీ, పొద్దుటి గాలి ఏ దిక్కుది, ఉప్పుజాడీ పొడా తడా, డాబా మీద దుప్పటి ఆరడానికి ఎన్ని గంటలు. ఆ వైపు పక్కింటి దూజా చూస్తుంది, నజీహా చూస్తుంది, వీధిలో ఎవరడిగినా తీసి చూపిస్తాను. తిరగేసి వెనక నుంచి రాస్తున్న ఈ పేజీలు ఎవరికీ చూపించేవి కావు. ముందువైపు గళ్ళలో పట్టనిది ఏదో ఉంది. ఏమిటో తెలీదు.

తెల్లారి లేచేసరికి వీపంతా తడిసి ముద్ద. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. పక్కన మా ఆయన మొన్సెఫ్ దుప్పటి గడ్డం దాకా లాక్కుని నిద్రపోతున్నాడు. ఈ సెగలో!

డాబా ఎక్కి, జుట్టు ఎత్తి ముడివేసి, తడి వేళ్ళు మెడ వెనక రాసుకుని, దక్షిణానికి వీపు పెట్టి నిలబడ్డాను. పొయ్యి మూత తీసినట్టు కొట్టింది. ముందువైపు రాశాను: షెహీలీ.

నడివేసవి మండే ఈ నలభై ఔస్సూ రోజుల్లో ఎడారి నుంచి ఆ గాలి రెండుసార్లో మూడుసార్లో వస్తుంది. ఈసారి తొందరపడింది. మంచిదే. రవ్వ పిసికి చేసే కుస్కుస్ గింజలు ఆరడానికి దాన్ని మించిన గాలి లేదు.

జులై 31. ఏడో రోజు.

షెహీలీ. వరసగా మూడోసారి.

భోజనాల దగ్గర మొన్సెఫ్‌తో అన్నాను, ఈ ఏడు షెహీలీ వదిలేలా లేదని.

"ఏ షెహీలీ?" అన్నాడు చేపముల్లు తీస్తూ. "రేవంతా గంజిలా జిగట. ఇంజన్ విప్పి నట్లు పక్కన పెడితే నేను చూస్తుండగానే తుప్పు పడుతున్నాయి."

ఇరవై తొమ్మిదేళ్ళుగా పడవ ఇంజన్లు బాగుచేస్తున్న మనిషి. డీజిల్ పట్టిన ఆ చర్మానికి గాలికీ నీళ్ళకీ తేడా ఏం తెలుస్తుంది? కాసేపాగి, పుచ్చకాయ ముక్కలు సరిగ్గా కొయ్యలేదని మాత్రం అరిచాను. కోసింది నేనే.

అత్తమ్మ శాలువా అడిగింది. పక్క చెమ్మగా ఉందట. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇచ్చాను.

ఆగస్టు 1.

ముందువైపు పేజీ మూలన నేను పెట్టుకునే చిన్న చుక్క ఒకటుంది, నెలకోసారి. ఏప్రిల్ తర్వాత చుక్క లేదు. ఎండలు ముదిరిన ఏడు అలా జరుగుతుందని విన్నాను. ఎక్కడ విన్నానో గుర్తులేదు.

ఆగస్టు 4. పదకొండో రోజు.

దూజా వచ్చింది. గోడ మీది నుంచి కాదు, తలుపు తట్టి వచ్చింది. అంటే పని మీద వచ్చినట్టు.

"ఏమే వసీలా, కుస్కుస్ పిసికే రోజు చెప్పవా? మిగతా వీధులవాళ్ళు అప్పుడే జల్లెడలు కడిగి ఎండబెట్టుకున్నారు. మనమే నీ మొహం చూస్తూ కూర్చున్నాం."

"ఇంకా పరీక్షిస్తున్నా."

"పరీక్షించు తల్లీ, పరీక్షించు. ఔస్సూ అయిపోయాక చెప్పు, వానలో పిసుకుదాం."

ఈ ఏడు ఎనభై కిలోల రవ్వ తెస్తానంది. నిరుడు యాభై. రాజధానిలో పన్నెండు ఇళ్ళవాళ్ళు ఆమె చేతి కుస్కుస్ తప్ప తినం అన్నారట. భర్త పోయిన నాటినుంచి ఆమె ఏడాది బతుకంతా ఔస్సూలో మా డాబా మీద ఆరే గింజల్లోనే ఉంది. ఆమె డాబా నాలుగు దుప్పట్లకి కూడా చాలదు. అందుకే మా డాబా. అందుకే నా మాట.

ఇలా రోజు చెప్పే పని నాకు అత్తమ్మ ఇచ్చింది. నేను కోడలిగా వచ్చిన మూడో ఏడు, నాకు ఇరవై నాలుగేళ్ళు. వీధిలో పెద్దవాళ్ళు ఎంతమంది ఉన్నా, పదిమంది ఆడవాళ్ళ ముందు నా జుట్టు ఎత్తి, మెడ వెనక తడి వేలుతో రాసి, "ఇక నుంచి ఈ పిల్ల చెబుతుంది" అంది. జుట్టు కింది చర్మం ఎండ చూడదు, పని చూడదు, అందుకని అబద్ధం చెప్పదు అని నేర్పింది. ఇరవై ఏడు ఔస్సూలు చెప్పాను. ఒక్క గింజ పులవలేదు. నా జీవితంలో గర్వపడే విషయం ఒకటి చెప్పమంటే పిల్లల కంటే ముందు ఇదే చెబుతానేమో. ఇక్కడ రాసుకోవచ్చు కనక రాశాను.

ఆగస్టు 8. పదిహేనో రోజు.

నజీహా ఫోను చూపించింది. ఆ పిల్ల మాస్టారి భార్య, వీధికి వచ్చి నాలుగేళ్ళు. గాలిలో తేమ ఎనభై ఐదు శాతం అని ఉంది. గాలి తూర్పుది, సముద్రం మీది నుంచి వస్తున్నది అని బాణం గుర్తు కూడా ఉంది.

"నాకేం తెలీదక్కా, ఫోను అంటోంది" అంది భయపడుతూ.

దూజా అక్కడే ఉంది. "మీ ఫోను జుట్టు ఎప్పుడు ముడేసుకుందే? దానికి మెడ ఎక్కడుంది? మా వసీలా షెహీలీ అంటే షెహీలీ."

నవ్వుకున్నాం. నజీహా కూడా నవ్వింది. ఇంటికొచ్చాక ఉప్పుజాడీ మూత తీశాను. ఉప్పు ముద్దకట్టి ఉంది. చెంచాతో పొడిచాను.

ఆగస్టు 9.

మెడ: పొడి. ఉప్పు: తడి.
ఈ ఉప్పు బాగోలేదు. వేరే కొట్టులో తెచ్చాను.

ఆగస్టు 10.

మెడ: పొడి. కొత్త ఉప్పు: తడి.
జాడీ మూత వదులైంది.

ఆగస్టు 11.

గురువారం అని చెప్పేశాను.

ఆగస్టు 13. ఇరవయ్యో రోజు.

అత్తమ్మ మళ్ళీ శాలువా. "పక్కంతా చెమ్మే, ఎముకల్లోకి దిగుతోంది" అంది.

"షెహీలీలో శాలువా ఏంటత్తమ్మా! మనుషులు వినేలా అనకండి, నవ్వుతారు" అని కసిరాను. ఆమె నోరు మూసుకుంది. ఒక నిమిషం తర్వాత నేను కొంగుతో మొహం తుడుచుకుంటూ వాకిట్లో నిలబడి ఉన్నాను, ఏం చెయ్యడానికి వచ్చానో మర్చిపోయి.

ఎందుకో కాలు ఒకచోట నిలవడం లేదు. డాబా ఎక్కుతున్నాను, దిగుతున్నాను. ఇవాళ పదకొండుసార్లు. లెక్కపెట్టాను.

ఆగస్టు 14.

బట్టలు సాయంత్రానికీ ఆరలేదు. ఇంకాస్త గట్టిగా పిండాల్సింది.

ఆగస్టు 15. ఇరవై రెండో రోజు. గురువారం.

మొదట దూజా రవ్వ, సగం, నలభై కిలోలు. ఎక్కువ ఉన్నవాళ్ళది ముందు అవ్వాలని నేనే అన్నాను. మిగతా సగం, మా ఇరవై ఐదు, నజీహా ఇరవై ఐదు తర్వాత.

పొద్దున్నే చెక్క పళ్ళేలు పైకి చేర్చాం. రవ్వ మీద ఉప్పునీళ్ళు చిలకరించడం, అరచెయ్యి తెరిచి గుండ్రంగా తిప్పడం, గింజ కట్టగానే పిండి చల్లడం, జల్లెడ పట్టడం. నజీహా గింజలు శనగల్లా వస్తున్నాయి.

"ఒసే, అవి పెళ్ళివారికి పెట్టడానికా, కొట్టడానికా?" అంది దూజా.

"చేతికి అంటుకుంటోందక్కా."

"చేతులు చల్లగా ఉండాలి. మొగుడి మీద కోపం వచ్చినప్పుడు పిసకకు, అంటుకుంటుంది."

నా చేతికీ అంటుకుంది. నా కోపం ఎవరి మీదో తెలీదు. పిండి ఇంకాస్త చల్లాను.

మధ్యాహ్నానికి ఏడు దుప్పట్లు పరిచాం. డాబా అంతా లేత పసుపు. దూజా మొదటి దుప్పటి పక్కన నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని, ఒక గింజ తీసి ముద్దు పెట్టుకుని మళ్ళీ అక్కడే పెట్టింది. కోట మీద జెండా కదలడం లేదు. నా మెడ మాత్రం భగ్గున మండుతోంది. షెహీలీయే. షెహీలీయే.

ఆగస్టు 16.

ఆరలేదు. వేళ్ళ మధ్య నొక్కితే అంటుకుంటోంది. సాయంత్రం మంచు పడకముందు దుప్పట్లు మూటకట్టి లోపలికి చేర్చాం. "రేపటికి ఆరుతుంది" అన్నాను. దూజా నా మొహం చూసింది. ఏమీ అనలేదు. దూజా ఏమీ అనకపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆగస్టు 17. ఇరవై నాలుగో రోజు.

మూట విప్పగానే వాసన. పాత పెరుగు గిన్నె వాసన. గింజలు ఉండలు కట్టి, కొన్నిచోట్ల బూడిదరంగు మచ్చ. ఏడు దుప్పట్లలో ఒకటిన్నర దక్కింది. నజీహా ఏడ్చింది. దూజా ఏడవలేదు. చతికిలబడి ఒక ఉండని తీసుకుని చిదుపుతూ కూర్చుంది, లోపల ఇంకా పొడిగా ఉందేమో చూస్తున్నట్టు.

"ఇదెట్లా అయింది వసీలా?"

నేను అన్న మాట ఇక్కడ రాయాలి. "పిండిమర హెదీ అక్కడే తడిసిన రవ్వ ఇచ్చాడు. గాలిలో తప్పేం లేదు" అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట. అప్పటికప్పుడు, తడుముకోకుండా, చాలా రోజుల నుంచి నోట్లో సిద్ధంగా ఉన్నట్టు.

దూజా లేచింది. చెప్పులు వేసుకుంది. మరదాకా వెళ్ళి, వరసలో నిలబడ్డ ఇరవైమంది ముందు హెదీని నిలదీసిందట. మొగుడు పోయినదాని నోట్లో మట్టి కొట్టావు, తడి రవ్వ తూచావు అని. నజీహా వచ్చి చెప్పింది. హెదీ తలొంచుకుని నిలబడ్డాడట. ఆ రవ్వ పట్టించిన రోజు దూజాతో నేనూ వెళ్ళాను. చెయ్యి పెట్టి చూశాను. ఇసకలా జారింది. నాకు తెలుసు.

ఆగస్టు 18.

ముందువైపు ఏమీ రాయలేదు. ఇరవై ఏడేళ్ళలో ఖాళీ వదిలిన మొదటి గడి.

దూజా గోడ మీది నుంచి అడిగింది, "మిగతా నలభై ఎప్పుడు? నువ్వు చెప్పు, మొదలెడతా. వేరే మరలో పట్టించిన రవ్వే కలుపుతాలే." ఇంకా నన్నే అడుగుతోంది. నన్ను నమ్ముతోంది. ఆ నలభై కూడా పోతే ఆ పన్నెండు ఇళ్ళూ పోతాయి, ఏడాది పోతుంది.

రెండ్రోజులు ఆగమన్నాను. మెడ షెహీలీ అంటోంది.

ఆగస్టు 19. ఇరవై ఆరో రోజు.

రేవులో ఐసు గిడ్డంగి యంత్రం ఆగిపోయిందని పొద్దున్నే మొన్సెఫ్‌ని పిలిచారు. మధ్యాహ్నం రొట్టె, కాల్చిన మిరపకాయల పచ్చడి, ట్యూనా కట్టి తీసుకెళ్ళాను.

తలుపు తీయగానే తెల్లటి ఆవిరి. లోపల మొన్సెఫ్ ఉన్ని టోపీ పెట్టుకుని, చలికాలం కోటు వేసుకుని, యంత్రం వెనక బోర్లా పడుకున్నాడు. "తలుపెయ్యి, చలి పోతుంది" అన్నాడు. చుట్టూ నిలువెత్తు ఐసు దిమ్మెలు. నా నోట్లోంచి మాట కంటే ముందు ఆవిరి వచ్చింది.

అప్పుడు మొదలైంది. ఛాతీలో ఎక్కడో కింద నుంచి లేచి, గొంతు చుట్టూ తిరిగి, మెడ వెనక్కి. పొడి సెగ. పొయ్యి మూత తీసినట్టు. నేను ఎప్పటిలా నిలబడి పరీక్షించాను, జుట్టెత్తి, కళ్ళు మూసుకుని. అనుమానం లేదు. నాకు తెలిసిన షెహీలీ అచ్చంగా ఇదే.

ఐసు గిడ్డంగిలో.

"ఏంటలా నిలబడిపోయావ్? చలేస్తోందా?"

"మొన్సెఫ్, ఇక్కడ కూడా షెహీలీ వీస్తోంది" అన్నాను.

లేచి వచ్చాడు. నా నుదుటి మీద చెమట చూశాడు. టోపీ తీసి నాకు పెట్టబోయి, ఆగి, మళ్ళీ తన నెత్తినే పెట్టుకున్నాడు, ఏం చెయ్యాలో తెలీక. చేపల పెట్టె బోర్లించి కూర్చోబెట్టాడు. పక్కన చతికిలబడి అన్నాడు:

"మా అమ్మ జనవరిలో విసనకర్ర పట్టుకుని తిరిగేది, మన పెళ్ళైన కొత్తల్లో. గుర్తుందా? నువ్వూ నేనూ వంటింట్లో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం."

గుర్తులేదు. ఆయన అన్నాక గుర్తొచ్చింది.

ఇంటికి నడిచి వచ్చాను. దారంతా మిగతా వాళ్ళ చేతులు చూశాను, మెడలు చూశాను. అందరూ జిగటగా మెరుస్తున్నారు. ఇన్ని రోజులుగా గాలి తూర్పుదే. నజీహా బాణం గుర్తు చెప్పిందే నిజం. మొన్సెఫ్ నట్లు చెప్పిందే నిజం. రెండు కొట్ల ఉప్పు చెప్పిందే నిజం. నాకు యాభై ఒకటి. ఏప్రిల్ నుంచి చుక్క లేదు. ఇంత చిన్న కూడిక చెయ్యలేకపోయానా?

చేశాను. జవాబు నచ్చక మళ్ళీ మళ్ళీ మొదటి నుంచి కూడుతున్నాను.

ఆగస్టు 20.

అత్తమ్మకి పొద్దుటి కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, ఆ ఏడు ఆ పని నాకెందుకిచ్చారు?"

శాలువా సర్దుకుంది. "నా మెడ పాడైంది గనక."

"చెప్పలేదే!"

"ఏం చెప్పమంటావ్? వీధిలో డప్పు వేయించనా? అంతకు ముందు ఏడు ఒక దుప్పటెడు పులిసిపోయింది, ఎవరికీ తెలీకుండా కోళ్ళకి వేశాను. ఇక చాలనుకున్నా. నువ్వు కొత్త కోడలివి. చర్మం లేతది. చెప్పింది వింటావు. ఇచ్చేశా."

పదిమంది ముందు నా జుట్టెత్తి మెడ మీద వేలుతో రాసినప్పుడు, నన్ను ఎంచుకుందనుకున్నాను. ఇన్నేళ్ళు అనుకున్నాను. కాఫీ కప్పు కింద పెట్టాను.

"మరి తర్వాత?"

"ఆరేళ్ళకి తిరిగొచ్చింది. ఓ పొద్దున లేచేసరికి మెడకి గాలి తెలిసింది, చిన్నప్పటిలా. అప్పటికి నువ్వు బాగా చెబుతున్నావు. ఇచ్చినదాన్ని లాక్కుంటామా?"

"అయితే ఈ ఏడు మీకు తెలుసు. తెలిసీ ఊరుకున్నారు. దూజా రవ్వ పోతుంటే!"

గొంతు పెంచాను. ఆమె పెంచలేదు.

"రోజూ చెప్పానుగదే, చెమ్మగా ఉందని. నువ్వేమో నవ్వుతారన్నావు. ఒకవైపు ఇరవై ఏడేళ్ళలో తప్పని మెడ, ఇంకోవైపు ముసలిదాని ఎముకలు. నేనే నా ఎముకల్ని నమ్మలేదు తల్లీ."

కాఫీ చివరి గుక్క తాగి కప్పు పక్కన పెట్టింది. తర్వాత అడిగింది, "ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్."

"మరీ ఎక్కువగా ఉందా?"

ఎవరూ అడగని ప్రశ్న. ఏడుపొచ్చింది. దిండు పక్క నుంచి విసనకర్ర తీసి నా చేతిలో పెట్టింది.

ఆగస్టు 21. ఇరవై ఎనిమిదో రోజు.

దూజాకి చెప్పాను. ఆమె వాకిట్లో, నిలబడే. నా ఒంటి సంగతి, ఐసు గిడ్డంగి, తూర్పుగాలి, హెదీ రవ్వలో నేను చెయ్యి పెట్టి చూసిన సంగతి. ఏదీ దాచలేదు.

ఆమె చేతిలో చీపురుంది. నేను చెబుతున్నంతసేపూ అది కదల్లేదు.

"నీ మెడ తప్పు చెప్పింది, సరే. నీ నోరెందుకు తప్పు చెప్పింది?"

చీపురు నేలకేసి కొట్టింది.

"గింజలు పోతే పోనీ. ఆ మనిషి ముప్పై ఏళ్ళుగా నాకు పిడికెడు ఎక్కువే తూచాడు. మా ఆయన పోయిన నెల రవ్వ బస్తా తనే మోసుకొచ్చి ఇంట్లో దించాడు. అలాంటివాణ్ణి ఇరవైమందిలో దొంగని చేశా. నీ మాట మీద. నీ ఒక్క మాట మీద."

"పద వెళ్దాం" అన్నాను.

"ఎక్కడికి?"

"మరకి."

చీపురు గోడకి ఆనించి వచ్చింది. దారిలో నాకు నాలుగడుగులు ముందే నడిచింది. మర దగ్గర వరస ఉంది. శనివారం ఉన్నవాళ్ళలో కొంతమందైనా ఉండాలని వరసలో ప్రతి మొహం చూశాను. ఉన్నారు.

"హెదీ, నీ రవ్వ బాగుంది. ఆ రోజు నేను చెయ్యి పెట్టి చూశాను. తప్పు నాది. రోజు తప్పు చెప్పాను, చెప్పి నీ మీద పెట్టాను" అన్నాను. మర చప్పుడుకి సగమే వినపడింది. హెదీ మర ఆపాడు. మళ్ళీ చెప్పాల్సొచ్చింది, నిశ్శబ్దంలో.

పిండి పట్టిన కనుబొమ్మల కింద నుంచి నన్ను చూశాడు. "ఇరవై ఏడేళ్ళకోసారా? మా మర నెలకోసారి తప్పుతుంది" అన్నాడు. వరసలో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. దూజా వైపు తిరిగి, "నువ్వు మాత్రం నన్ను ముందు అడగాల్సింది దూజా" అన్నాడు. దూజా తలొంచుకుంది. నా వల్ల తలొంచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు చేపల బజారు దాకా మళ్ళీ నాలుగడుగులు ముందే నడిచింది. అక్కడ ఉన్నట్టుండి అంది, "నాకు మొదలైనప్పుడు ఫ్రిజ్ తలుపు తెరుచుకుని దాని ముందే నిలబడేదాన్ని. ఫ్రిజ్ పాడైంది, చల్లగా లేదు అని మా ఆయన్ని తిట్టా. పాపం మెకానిక్కుని పిలిపించాడు. ఆ మెకానిక్కు లోపల థర్మామీటరు పెట్టి, మా ఆయన మొహం చూసి, నా మొహం చూసి, డబ్బులు తీసుకోకుండా వెళ్ళిపోయాడు."

నవ్వాగలేదు. ఇద్దరికీ.

"నవ్వుతున్నానని క్షమించాననుకోకు" అంది.

మా ఇంటి ఇరవై ఐదు కిలోల రవ్వ ఆమె ఇంటికి చేర్పించాను. వద్దనలేదు. ఈ చలికాలం మా ఇంట్లో కొట్టులో కొన్న డబ్బా కుస్కుసే. మొన్సెఫ్‌కి చెప్పాను. "తింటే చస్తామా?" అన్నాడు. ఆయన తల్లి మాత్రం, "చావం, కానీ బతికినట్టూ ఉండదు" అంది.

ఆగస్టు 23. ముప్పయ్యో రోజు.

రెండ్రోజులుగా మొన్సెఫ్ వాళ్ళమ్మని కుర్చీతో సహా ఎత్తి డాబా మీదికి చేరుస్తున్నాడు, రేవుకి వెళ్ళేముందు. పొద్దున్నే దక్షిణానికి వీపు. నేనే ఆమె తెల్లజుట్టు ఎత్తి పట్టుకుని, మెడ తడుపుతున్నాను. ఎంత సన్నటి మెడ!

"కాదు" అంది. దిగిపోయాం.

ఆగస్టు 24.

"కాదు."

ఆగస్టు 25. ముప్పై రెండో రోజు.

"కాదు."

దూజా తట్టుకోలేకపోతోంది. నెలాఖరుకి వాన వస్తుంది, కళ్ళాలు కడిగే వాన, ఔస్సూ దాటకముందే ఎప్పుడూ వచ్చేది. అది రాకముందు మూడు పొడి రోజులు కావాలి. ఉన్నవి లెక్కపెడితే ఆరో ఏడో రోజులు.

"లల్లా బెయ్యా, కాస్త సరిగ్గా చూడు. నిద్రమొహంతో చెబుతున్నావేమో!" అంది అత్తమ్మతో.

"నువ్వొచ్చి కూర్చోవే కుర్చీలో, నేను నీ చెవి దగ్గర అరుస్తా. ఎలా ఉంటుందో చూద్దువుగాని."

ఆగస్టు 26.

నజీహా ఫోనులో రేపటి నుంచి పొడిగాలి అని ఉంది. దూజా పరుగెత్తుకొచ్చింది. నిన్నటిదాకా ఫోనుకి మెడ ఎక్కడ అన్న మనిషి!

"రేపు కాదు" అంది అత్తమ్మ. "ఫోనుకి తొందరెక్కువ."

దూజా నా వైపు తిరిగింది, పాత అలవాటుగా. "నువ్వు చెప్పు." నాకు ఆ క్షణాన ఒళ్ళంతా మండుతోంది. అవును అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్ళలో ఆశ అలాంటిది. పళ్ళు బిగించి పట్టుకున్నాను.

వాళ్ళు దిగాక చాలాసేపు డాబా మీదే అటూ ఇటూ తిరిగాను. మేఘం ఒకటి సముద్రం వైపు ఉంది. ఒకటే. చిన్నది.

ఆగస్టు 27.

"కాదు." ఫోను కూడా మాట మార్చింది.

మేఘాలు మూడు.

ఆగస్టు 28. ముప్పై ఐదో రోజు.

అత్తమ్మ జుట్టు ఎత్తి పట్టుకున్నాను. మెడ తడిపాను. చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. తర్వాత తల కొంచెం పక్కకి వాల్చింది, ఎవరో పిలిస్తే విన్నట్టు.

"వచ్చింది."

దూజా గబుక్కున తన జుట్టు ఎత్తుకుంది. నజీహా కూడా. ముగ్గురి మెడలూ దక్షిణానికి. "ఔను ఔను" అంది నజీహా. దూజా కళ్ళు మూసుకుంది, పెదాలు కదిలాయి, దేవుణ్ణి తలుచుకుందేమో. నేను కూడా జుట్టెత్తాను. నాకేం తేడా లేదు. నెల రోజులుగా ఎలా ఉందో అలాగే ఉంది. వాళ్ళ ముగ్గురి మొహాల్లో ఉన్నది నా ఒంటి మీద వెతుక్కుంటూ నిలబడ్డాను.

"ఏమంటావ్ వసీలా?" అంది దూజా.

"నన్నడక్కు. దుప్పటి ఆ కొస పట్టుకో."

పట్టుకుంది. బస్తా కుట్లు నేనే కోశాను.

ఆగస్టు 29.

నిన్న అరవై ఐదు కిలోలూ ఒక్కరోజులో. ఆరుగురం. పక్కవీధి వాళ్ళిద్దరిని కూడా పిలిచింది దూజా. చేతులు వాచిపోయాయి. ఇవాళ మధ్యాహ్నం దుప్పటి మీద అరచెయ్యి పెట్టి తీశాను. ఒక్క గింజ అంటలేదు. ఇసకలా జారిపోయింది. రెండుసార్లు చూశాను. మూడోసారి దూజాని చూడమన్నాను. ఆమె పిడికిలి ఎత్తి గింజల్ని దుప్పటి మీద రాల్చింది. గలగలమన్నాయి.

ఆగస్టు 30. ముప్పై ఏడో రోజు.

సగం రాత్రే ఎత్తేశాం, మిగతాది పొద్దున. నజీహా ఇరవై ఐదు కూడా నిన్నే పిసికాం, అదీ మధ్యాహ్నానికి ఆరింది. చివరి సంచి మూతి కట్టేసరికి మధ్యాహ్నం దాటింది. దూజా ఇంట్లో సంచులు గోడ పొడుగునా నిలబడ్డాయి. వాటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు.

"అనుకున్నదానికంటే కొంచెం తక్కువే. పన్నెండు ఇళ్ళలో పదకొండుకి సరిపోతుంది" అంది.

"పన్నెండో ఇంటికి ఏం చెబుతావ్?"

"నిజం చెబుతా. మా నెచ్చెలికి వయసొచ్చిందని." ఒక క్షణం ఆగి, "నెచ్చెలి అన్నానా? అన్నాలే" అంది.

ఆగస్టు 31. ముప్పై ఎనిమిదో రోజు.

పొద్దున్నే డాబా ఊడుస్తుంటే సముద్రం మీద నల్లగా కమ్మింది. మొదటి చినుకులు పెద్దవి, వేడి నేల మీద చుయ్యిమంటూ. తర్వాత ఒక్కసారిగా. కింద అత్తమ్మ కిటికీ మూయమని అరుస్తోంది. పక్క డాబా మీద దూజా చాపలు లాగుతూ నన్ను చూసింది.

"ఒసే వసీలా, పిచ్చా? లోపలికి పో, జలుబు చేస్తుంది!"

"నువ్వు పో, వస్తా."

చీపురు పట్టుకునే నిలబడ్డాను. జుట్టు ముడి విప్పాను. నీళ్ళు మెడ మీది నుంచి వీపు మీదికి జారాయి. వణుకు వచ్చింది. అది వానే అని ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.